కొనకపోవడం ఎవరి ఆయుధం?

‘అక్కడ కొనవద్దు’ అన్న పిలుపు వినడానికి అహింసాయుతమైనదిగా, ప్రజాస్వామికమైనదిగా తోస్తుంది. కానీ కులం పాలించే సమాజంలో కొనుగోలు శక్తీ అమ్ముకునే హక్కూ అందరికీ సమానంగా లేవు. బహిష్కరణ ఫలిస్తుందా అన్న ప్రశ్నకు ముందు, ఎవరు ఎవరిని బహిష్కరిస్తున్నారు అన్న ప్రశ్న వేసుకోవాలి.

2025 ఆగస్టులో తెలంగాణలో ‘మార్వాడీ గో బ్యాక్’ నినాదం కొన్ని వారాలపాటు మార్మోగింది. సికింద్రాబాద్ మోండా మార్కెట్ ప్రాంతంలో వాహనం నిలిపే విషయంలో రేగిన తగాదా, ఆ సందర్భంగా ఒక దళితునిపై జరిగిన దాడి దానికి తక్షణ కారణాలు. ఆమనగల్లులో స్థానిక వర్తకులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. ఆగస్టు 22న ఓయూ జేఏసీ రాష్ట్ర బంద్‌కు పిలుపునిచ్చింది. కొన్ని పట్టణాల్లో పాక్షిక స్పందన కనిపించింది. చాలాచోట్ల వ్యాపారం యథావిధిగా సాగింది. మార్వాడీల దుకాణాల్లో కొనవద్దన్న మాట ఫోన్లలో చేతులు మారి, క్రమంగా సద్దుమణిగింది.

ఈ ఉదంతంలో మన దృష్టికి రావలసిన విషయం బంద్ జయాపజయాలు కావు. ఒక దళితునికి జరిగిన అవమానంతో మొదలైన ఆగ్రహం కొద్ది రోజుల్లోనే స్థానిక కిరాణా, బంగారు, బట్టల వర్తకుల పోటీ సమస్యగా రూపాంతరం చెందింది. బయటి నుంచి వచ్చిన పెట్టుబడి స్థానిక వృత్తులను దెబ్బతీస్తోందన్న వాదనలో చర్చించదగిన అంశం ఉంది, కాదనను. అయితే స్థానిక వర్తకుడి దుకాణంలో దళితునికి దక్కే గౌరవం ఎంత, అతడు అదే వీధిలో సొంతంగా దుకాణం పెట్టుకోగలడా అన్న ప్రశ్నలను ఎవరూ అడగలేదు. దెబ్బ తిన్నవాడు దళితుడు. ఉద్యమ ప్రయోజనం మాత్రం మరొకరి గల్లాపెట్టె చుట్టూ తిరిగింది. రాజకీయ ప్రేరిత వినియోగదారుల బహిష్కరణలను అంచనా వేయడానికి ఇంతకంటే మంచి ప్రారంభ స్థానం లేదు.

ఫలితాన్ని కొలిచేదెలా?

బహిష్కరణ ఫలించిందని చెప్పడానికి మూడు కొలమానాలు ఉంటాయి. అమ్మకాలు తగ్గాయా? లక్ష్యంగా పెట్టుకున్న సంస్థ తన విధానాన్ని మార్చుకుందా? బాధితుని స్థితి మెరుగుపడిందా? ఈ మూడూ ఒకటి కావు. చాలా ప్రచారాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా వస్తువులను బహిష్కరించాలన్న పిలుపు దేశమంతటా వినిపించింది. టెలివిజన్ సెట్లను మేడల మీద నుంచి విసిరేసిన దృశ్యాలు చూశాం. 2020-21లో చైనా నుంచి మన దిగుమతుల విలువ సుమారు 65 బిలియన్ డాలర్లు. మరుసటి సంవత్సరానికే అది 94 బిలియన్లు దాటింది. 2024-25లో 113 బిలియన్లకు చేరింది. ఆగ్రహం నిజమైనదే కావచ్చు. కానీ మందుల ముడిసరుకు దగ్గర నుంచి మొబైల్ ఫోన్ విడిభాగాల దాకా ప్రత్యామ్నాయం లేని చోట ఆగ్రహం సరుకును ఆపలేదు.

అమెరికాలోనూ ఇదే పాఠం. 2020లో గోయా అనే ఆహార పదార్థాల సంస్థ అధిపతి ట్రంప్‌ను ప్రశంసించినందుకు ఆ సంస్థ సరుకులను మానేయాలని పిలుపు వచ్చింది. దానికి పోటీగా వాటినే కొనాలన్న పిలుపూ వచ్చింది. తర్వాత జరిగిన అధ్యయనంలో తేలిందేమిటంటే అమ్మకాలు తగ్గకపోగా తాత్కాలికంగా పెరిగి, కొద్ది వారాల్లోనే మామూలు స్థాయికి వచ్చాయి. 2025 ఆరంభంలో టార్గెట్ అనే పెద్ద చిల్లర వర్తక సంస్థ జాతి వైవిధ్యానికి సంబంధించిన తన లక్ష్యాలను విరమించుకున్నప్పుడు నల్లజాతి చర్చిలు నలభై రోజుల కొనుగోలు ఉపవాసం పాటించాయి. ఆ సంవత్సరం తొలి త్రైమాసికంలో సంస్థ అమ్మకాలు 2.8 శాతం తగ్గాయి. వినియోగదారుల వ్యతిరేకత అందుకు ఒక కారణమని సంస్థే అంగీకరించింది. అయినా ఆ సంవత్సరం తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేదు. మొదటి మెట్టు ఎక్కినా రెండో మెట్టు అందలేదన్నమాట.

అదే దేశంలో ఫలించిన బహిష్కరణలూ ఉన్నాయి. 1930వ దశకంలో షికాగో, హార్లెమ్, వాషింగ్టన్ నగరాల్లో నల్లజాతి ప్రజలు ‘నీకు పని ఇవ్వని చోట నీ డబ్బు ఖర్చు చేయవద్దు’ అన్న నినాదంతో దుకాణాల ముందు నిలబడ్డారు. కోరిక ఒక్కటే: మా వాడలో మా డబ్బుతో నడిచే దుకాణంలో మాకూ గుమస్తా ఉద్యోగం కావాలి. కొన్నవారెవరో, ఇవ్వవలసిందేమిటో, ఇవ్వవలసినవారెవరో మూడూ స్పష్టం. అలా దుకాణాల ముందు నిలబడి ప్రచారం చేసే హక్కును 1938లో ఆ దేశ సుప్రీంకోర్టు గుర్తించింది. 1955 డిసెంబరులో మొదలైన మాంట్గోమరీ బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. ఆ బస్సుల్లో ఎక్కేవారిలో మెజారిటీ నల్లవారే కావడం, ప్రత్యామ్నాయంగా సొంత కార్ల ఏర్పాటు చేసుకోవడం, వారం వారం సభలు జరపడం ఆ పోరాటానికి బలం. అయినా వేరుగా కూర్చోబెట్టే నిబంధనను చివరికి కొట్టివేసింది న్యాయస్థానం తీర్పే. వీధి, న్యాయస్థానం కలిసి నడిచినప్పుడే అక్కడ విజయం దక్కింది.

ఎప్పుడూ ఫలించే బహిష్కరణ

ఇక మన దేశానికి వద్దాం. వినియోగదారుల బహిష్కరణ ఫలిస్తుందా అని పాశ్చాత్య పరిశోధకులు సందేహిస్తుంటే, మన గ్రామాలు ఏ సందేహమూ లేకుండా దాన్ని తరతరాలుగా ప్రయోగిస్తున్నాయి. దాని పేరు సాంఘిక బహిష్కరణ. కూలికి పిలవరు, కౌలుకు భూమి ఇవ్వరు, కిరాణా కొట్టులో సరుకు అమ్మరు, పాలు పోయరు, నీళ్లు తోడుకోనివ్వరు. ఒక్క దెబ్బ వేయకుండానే వాడ మొత్తాన్ని మోకాళ్ల మీదికి తెచ్చే పద్ధతి ఇది.

అణగారిన కులాల స్థితిగతులపై 1928లో బొంబాయి ప్రభుత్వం నియమించిన స్టార్ట్ కమిటీలో డాక్టర్ అంబేడ్కర్ సభ్యులు. ఊరి మీద ఆధారపడి బతికే మనుషులకు చట్టం ఇచ్చిన హక్కులన్నింటినీ ఈ ఒక్క ఆయుధం ఎలా నిరర్థకం చేస్తుందో ఆ కమిటీ నమోదు చేసింది. అందుకే 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని ఆయన ప్రతిపాదించారు. అందుకు 1922 నాటి బర్మా బహిష్కరణ వ్యతిరేక చట్టాన్ని నమూనాగా తీసుకున్నారు. ఆ సూచన పూర్తి రూపం దాల్చడానికి దాదాపు ఏడు దశాబ్దాలు పట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చి, ఆర్థిక బహిష్కరణను నిర్వచించింది. వ్యాపారం చేయ నిరాకరించడం, కూలికి పెట్టుకోకపోవడం, సేవలు అందనివ్వకపోవడం, మామూలు షరతుల మీద జరిగే లావాదేవీని నిలిపివేయడం అన్నీ అందులోకి వస్తాయి.

చట్టం వచ్చిన మరుసటి సంవత్సరమే, 2017లో, పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై తలెత్తిన వివాదం దళితుల బహిష్కరణకు దారితీసింది. కూలిపనులు, కౌళ్లు నిలిచిపోయాయి. వారు కోరింది ఇతర నాయకుల విగ్రహాల సరసన తమ నాయకుని విగ్రహానికి చోటు మాత్రమే.

అయితే ఈ ఆయుధానికీ ఒక పరిమితి ఉంది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాలు దగ్గర రేగిన గొడవ తర్వాత దళితులను బహిష్కరించారు. అక్కడి మాలల్లో చదువుకున్నవారు, రైల్వే ఉద్యోగులు ఉన్నారు. తెనాలి పట్టణం చేరువలోనే ఉంది. ఇతర చోట్ల పని దొరికింది. ఊరి మీద ఆధారం తగ్గిన మేరకు బహిష్కరణ పదును తగ్గింది. పదును తగ్గిన చోట కత్తులు బయటికి వచ్చాయి. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షలు విధించినా, 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ప్రత్యామ్నాయం ఉన్నవాడిని బహిష్కరణ లొంగదీయలేదు; లొంగనివాడిని ఆధిపత్యం క్షమించదు. చుండూరు చెప్పే చేదు పాఠం ఇది.

పిలుపు అక్కరలేని బహిష్కరణ

పిలుపులతో, కరపత్రాలతో జరిగే బహిష్కరణ నలుగురికీ తెలుస్తుంది. పిలుపు అవసరమే లేకుండా రోజూ జరిగే బహిష్కరణ ఎవరి కంటికీ ఆనదు. మన పట్టణాల్లో భోజనశాలల బోర్డులు చదవండి. ‘రెడ్డి గారి మెస్’, ‘నాయుడు గారి హోటల్’, ‘బ్రాహ్మణ భోజనం’ అన్న పేర్లు నిస్సంకోచంగా వేలాడుతుంటాయి. కులం అక్కడ రుచికి, శుచికి హామీపత్రం. అదే ధీమాతో మాల, మాదిగ, యానాది అన్న పేరు తగిలించుకుని నడిచే హోటల్ ఎన్ని వీధుల్లో కనిపిస్తుంది? ఆ పేరు పెట్టడానికి జంకడం యజమాని పిరికితనం వల్ల కాదు, కొనుగోలుదారుని మనసు అతనికి బాగా తెలుసు కనుక.

లెక్కలూ ఈ మాటే చెబుతాయి. 2005 ఆర్థిక గణనను విశ్లేషించిన పరిశోధకులు దేశంలోని వ్యాపార సంస్థల్లో షెడ్యూల్డు కులాల యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతమేనని చూపారు. జనాభాలో వారి వాటా మాత్రం 16.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో అంటరానితనంపై జరిగిన సర్వే 2006లో పుస్తకంగా వెలువడింది. దాదాపు 47 శాతం గ్రామాల్లో దళితులు పాల సహకార సంఘాలకు పాలు అమ్ముకోలేని స్థితి ఉందని అది వెల్లడించింది. గేదె పాలకు కులం లేదు. పిండిన చేతికి ఉంది. పాడి మీద ఆధారపడిన చిత్తూరు, తిరుపతి జిల్లాల వారికి ఈ సంఖ్య అర్థం విడమరచి చెప్పనవసరం లేదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనాన్ని అగ్రకులాల పిల్లలు తినడం మానేశారు. అదీ ‘వినియోగదారుల బహిష్కరణే’. పిలుపునిచ్చిన నాయకుడెవరూ లేరు. ఇంట్లో నేర్పిన సంస్కారమే చాలింది.

ఆలయ వీధుల్లో కొత్త గీత

శ్రీకాళహస్తి వంటి క్షేత్రాల్లో ఈ చర్చకు మరొక కోణం ఉంది. ఇక్కడ ఊరి ఆర్థిక జీవనం ఆలయం చుట్టూ అల్లుకుని ఉంటుంది. రాహుకేతు పూజలకు దేశం నలుమూలల నుంచి వచ్చే భక్తులు, మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల జనసందోహం, వారి మీద ఆధారపడిన పూలు, పూజా సామగ్రి, ఫలహారశాలలు, బొమ్మలు, కలంకారీ వస్త్రాలు. ఆలయం ముందు అమ్ముకునే హక్కు కోల్పోయినవాడు సగం ఊరినే కోల్పోయినట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో హిందూయేతరులు ఆలయ దుకాణాల వేలంలో పాల్గొనరాదని 2015లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. శ్రీశైలం దుకాణదారులు దాన్ని ప్రశ్నించగా హైకోర్టులో చుక్కెదురైంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేస్తూ, మతం కారణంగా వారిని వేలం నుంచి మినహాయించరాదని స్పష్టం చేసింది. మరుసటి సంవత్సరం కర్ణాటక తీరప్రాంతంలో జాతరల నుంచి ముస్లిం వర్తకులను తొలగించాలన్న డిమాండ్ బలంగా వచ్చింది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలు యజమాని పేరు ప్రదర్శించాలన్న ఆదేశాలను సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది.

వీటిని మతానికి సంబంధించిన వివాదాలుగా మాత్రమే చూస్తే పొరపడతాం. మన దేశంలో పేరు అడగడమంటే కులం అడగడమే. బోర్డు మీద పేరు రాయించిన చేయి మొదట ముస్లింను గుర్తిస్తుంది, ఆ వెంటనే దళితునీ గుర్తిస్తుంది. ‘హిందూయేతరుడు’ అన్న మాట కింద ఆంధ్రలో పెద్ద సంఖ్యలో వచ్చేది దళిత క్రైస్తవులు. మతం మారినా వాడ మారలేదు, వాడ మారనందున అవమానమూ మారలేదు. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారిని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి మినహాయించింది. క్రైస్తవం స్వీకరించినవారికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని మన హైకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. అంటే వారిని బహిష్కరించేవారికి కులం కనిపిస్తుంది. రక్షించవలసిన చట్టానికి మాత్రం కనిపించదు.

పని మానడం, సరుకు మానడం

మరి అణగారిన కులాలకు బహిష్కరణ పనికిరాని ఆయుధమేనా? చరిత్ర అలా చెప్పదు. 1985 జూలై 17న కారంచేడు హత్యాకాండ తర్వాత అక్కడి మాదిగలు ఊరు విడిచి చీరాల చేరారు. తిరిగి రమ్మన్నా వెళ్లలేదు. ఊరినే వారు బహిష్కరించారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది, తెలుగు నేల రాజకీయ భాష మారింది. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు చర్మం ఒలిచినందుకు దళిత యువకులను కొట్టినప్పుడు, అక్కడి దళితులు పశువుల కళేబరాలు ఎత్తడం మానేశారు. సురేంద్రనగర్ కలెక్టర్ కార్యాలయం ముందు కళేబరాలు పడవేసి నిరసన తెలిపారు. వ్యవస్థ ఎవరి చేతుల మీద నడుస్తోందో ఒక్క వారంలో దేశానికి అర్థమైంది.

మన పొరుగునే నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఇంకొక ఉదాహరణ. 1992లో దళిత, వెనుకబడిన కులాల కూలి మహిళలు ముందుండి సారా దుకాణాలు మూయించారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్లకే సడలిపోయిన మాటా నిజమే. ఉద్యమం నడిచినంతకాలం ఫలితం నిలిచింది; దాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టి ఇంటికి వెళ్లాక ఖజానా లెక్కలు పైచేయి సాధించాయి.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. బలహీనులు తమ దగ్గర లేని డబ్బుతో కాక, తమ దగ్గర ఉన్న శ్రమతో, సంఖ్యతో, నిత్య సంఘటనతో పోరాడారు. వంద రూపాయల కూలి సరుకు కొనేవాడు కొనడం మానితే కొట్టు యజమానికి తగిలే దెబ్బ స్వల్పం; అరువు పోయి ఆ ఇంటికి తగిలే దెబ్బ పెద్దది. 1905 స్వదేశీ ఉద్యమకాలంలో బెంగాల్‌లో చౌకైన విదేశీ బట్ట, ఉప్పు మానమని భూస్వామ్య వర్గాలు శాసించినప్పుడు నామశూద్రులు, ముస్లిం రైతులు దూరంగా ఉండడానికి కారణం ఇదే. ఆ పేదల మీద పడిన బలవంతాన్ని టాగూర్ 1916లో ‘ఘరే బాయిరే’ నవలలో చిత్రించారు. త్యాగం ఎవరో ప్రకటిస్తారు, ఖరీదు మరెవరో చెల్లిస్తారు.

ఏది న్యాయం, ఏది కాదు?

వినియోగదారుడు తన డబ్బు తనకిష్టమైన చోట ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ గలవాడు కదా అని కొందరు వాదించవచ్చు. వ్యక్తి స్వేచ్ఛను ఎవరూ ప్రశ్నించడం లేదు. సంఘటితమైన నిరాకరణకే ఒక గీటురాయి కావాలి. అది మనిషి చేసిన పనికి వ్యతిరేకమా, అతని పుట్టుకకు వ్యతిరేకమా? దళితుని కొట్టిన వర్తకుని దుకాణం ముందు నిలబడి, నేరానికి శిక్ష పడాలని కోరడం న్యాయం. అతని జాతినంతా వెళ్లిపొమ్మనడం అదే కులతర్కాన్ని మనం ఆశ్రయించడం. పనిని మార్చుకోవచ్చు, కనుక అలాంటి బహిష్కరణకు ముగింపు ఉంటుంది. పుట్టుకను మార్చుకోలేం, కనుక ఈ రెండోదానికి ముగింపు ఉండదు. అంటరానితనం అంటే ముగింపు లేని బహిష్కరణే.

కొనవద్దన్న పిలుపు కంటే ఎవరి దగ్గర కొంటున్నాం అన్న లెక్క నేడు ఎక్కువ అవసరం. కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల నుంచి జరగాలని 2012 సేకరణ విధానం నిర్దేశించింది. అందులో సగానికైనా చేరని సంవత్సరాలే ఎక్కువ. ప్రభుత్వమే అతి పెద్ద కొనుగోలుదారు. దాని మౌన నిరాకరణ ఏ వీధి బంద్ కంటే బలమైనది. ఆలయ పాలకమండళ్లలో వెనుకబడిన, దళిత, గిరిజన వర్గాలకు, మహిళలకు చోటు కల్పిస్తూ మన రాష్ట్రం 2019లో చట్టం చేసింది. ఆ స్ఫూర్తి ఆలయం వెలుపలి దుకాణాల దాకా రావద్దా? శ్రీకాళహస్తి, శ్రీశైలం, కాణిపాకం వంటి క్షేత్రాల పరిధిలో దుకాణాల లీజులు ఏ వర్గాల చేతుల్లో ఎన్ని ఉన్నాయో దేవాదాయ శాఖ వెల్లడించాలి. పూలు, పాలు, పూజా ద్రవ్యాల కొనుగోలులో దళిత, యానాది మహిళా సంఘాలకు వాటా కేటాయించాలి. ఆర్థిక బహిష్కరణ సెక్షన్ కింద నమోదైన కేసులెన్ని, శిక్షలెన్ని అన్నది జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి. దళిత క్రైస్తవులపై జరిగే బహిష్కరణను చట్టం చూడగలిగేలా సవరణ తేవాలి.

ఈ క్షేత్రానికి పేరు తెచ్చిన గాథల్లో తిన్నడి కథ ముఖ్యమైనది. వేటగాడైన తిన్నడు తాను రుచి చూసిన మాంసాన్నే శివునికి నైవేద్యం పెట్టాడు. శాస్త్రం తెలిసిన పూజారి అపచారమన్నాడు. దేవుడు మాత్రం తిన్నడి చేతి ముద్దనే స్వీకరించాడు. ఆ తిన్నడే కన్నప్పగా కొండ మీద పూజలందుకుంటున్నాడు. కొండ మీద అతనికి దండం పెట్టి దిగివచ్చే మనం, కింద వీధిలో అతని వారసులు వండిన ముద్ద పేరు అడగకుండా తినగలమా? బహిష్కరణ ఫలిస్తుందా లేదా అన్న చర్చ కంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇది.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు, శ్రీకాళహస్తి)